అలుగు ఓడ సంతగా మారిన ఏడాది

ఒప్పందం తర్వాత రెండో ఏడు
శ్రావణం, సోమవారం

అలివేణి ఇవాళ వచ్చింది.

డ్రైడాకు గేటుకి మామిడాకులు కట్టారు. గేటు ముందు ముగ్గు కూడా వేశారు. యుద్ధం సాగినన్నాళ్ళూ ఈ రేవు నుంచి ఎన్నో ఓడలు నీళ్ళలోకి దించాం, ఒక్కదానికీ ఒక్క మామిడాకు కట్టలేదు. దీపాలార్పి, గొంతు పెగల్చకుండా, దొంగల్లా దించేవాళ్ళం. అలుగు ఓడను దించిన రోజు నాకు వచ్చిన ఏడుపునీ సంతోషాన్నీ కలిపి మింగేశాను.

అలివేణి వచ్చింది తెప్ప మీద. ప్లాస్టిక్ డ్రమ్ములకు వెదుళ్ళు కట్టిన మామూలు తెప్ప. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు అలాంటి తెప్పలు వేలకొద్దీ కట్టించి, పల్లపు ఊళ్ళన్నిటినీ మెట్టల మీదికి చేర్చింది ఆమే. అందుకే ఆమెను తెప్పల అలివేణి అంటారు. పిల్లల జోలపాటల్లో కూడా ఆమె పేరుంది.

మేమిద్దరం కాలేజీలో ఒకే గదిలో ఉన్నాం. ఓడల నిర్మాణం ఒకే మేష్టారి దగ్గర చదివాం. యుద్ధం రాగానే నౌకాదళం ఇద్దరినీ పిలిచింది. నేను వెళ్ళాను. "మనుషుల్ని ముంచేవి నేను గీయను" అని ఆమె వెళ్ళలేదు. ఆ మాట ఇప్పుడు మూడో తరగతి వాచకంలో ఉంది. నేను గీసిన ఓడలు వాచకంలో లేవు. అవి రహస్యం.

గేటు దగ్గర నన్ను చూసి తెప్ప మీంచే చెయ్యూపింది. దిగీదిగగానే వాటేసుకుంది.

"ఏమే చిత్కళా, ఇంత చిక్కిపోయావేమిటే?"

"రేవు తిండి."

"ఈ అలుగు నువ్వు కట్టిన ఓడేనటగా? నాకు తెలిసినప్పట్నుంచీ ఎంత సంబరంగా ఉందో!"

"రేవు వాళ్ళది" అన్నాను.

ఆమె నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆమె నవ్వితే జనం ఎందుకు నవ్వుతారో నాకు కాలేజీ రోజుల్నుంచీ అర్థం కాలేదు.

రేవు అధికారి తవిటినాయుడు బల్ల మీదికెక్కి ప్రకటించాడు. యుద్ధనౌక అలుగును సంత ఓడగా మారుస్తారు. ఒక మెట్ట మీద గుమ్మడి పండుతుంది గానీ ఉప్పుండదు. ఇంకో మెట్ట మీద మేకలుంటాయి గానీ గింజలుండవు. ఇకనుంచి సంతే మెట్టమెట్టకీ తిరుగుతుంది. మార్పు పనికి పెద్ద అలివేణి గారు. సలహాదారు చిత్కళ గారు.

సలహాదారు రోజూ దినచర్య రాయాలని రేవు నియమం. సలహా ఎవరైనా అడగాలన్న నియమం మాత్రం లేదు.

శ్రావణం, శుక్రవారం

కోత మొదలైంది. కట్టర్ల మేస్త్రీ కారి నూకరాజు. యుద్ధంలో నాతోనే ఉన్నాడు. అలుగు పక్కలకి కవచపు పలకలు బిగించిన చేతులే ఇవాళ వాటిని ఊడదీస్తున్నాయి. గ్యాస్ మంట పెట్టిన చోటల్లా నాకు పళ్ళు జివ్వుమన్నాయి.

ఊడదీసిన పలకల్ని గట్టున పేరుస్తున్నారు. వాటిని కమ్మరులకిస్తామనీ, నాగళ్ళు చేయిస్తామనీ అలివేణి అప్పుడే ప్రకటించేసింది. మెట్టల నుంచి కమ్మరులు వచ్చి పలకల్ని తట్టి చూసుకుని, ఆమెకు దణ్ణాలు పెట్టి వెళ్ళారు. ఆ ఉక్కుకు ఆ గట్టిదనం రావడానికి మేం ఎన్ని పోతలు పాడుచేసుకున్నామో వాళ్ళకెవరు చెప్తారు?

మధ్యాహ్నం డెక్కు మీదే అంబలి తాగాం. అలివేణి ఉల్లిపాయ చిదిమి అందరికీ పంచింది. నాకిచ్చిన ముక్క అందరికంటే పెద్దది. అది కూడా నచ్చలేదు నాకు.

భాద్రపదం, మంగళవారం

పెద్ద ఫిరంగిని క్రేనుతో లేపారు. కింద దాని చక్రం మిగిలింది. ఫిరంగి ఏ వైపుకైనా తిరగడానికి డెక్కులో బిగించిన గుండ్రటి ఉక్కు చక్రం అది. అంత బరువూ మోస్తూ చప్పుడు లేకుండా తిరగాలి. చప్పుడైతే నీళ్ళ కింద శత్రువుకు వినపడుతుంది. దాని కోసం నేను పడ్డ పాట్లు చెబితే ఒక పుస్తకమవుతుంది. చెప్పే వీల్లేదు.

అలివేణి వంగి ఒక్క చేత్తో తోసింది. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది.

"అమ్మో! ఇంత మెత్తగా తిరుగుతుందేమిటే ఇది! వెన్నలా!"

ఏదో దారిలో దొరికిన వస్తువును మెచ్చుకున్నట్టు మెచ్చుకుంది. సాయంత్రానికి ఒక బొమ్మ గీసి గోడకి అంటించింది. ఆ చక్రం మీద గుర్రాలు, నెమళ్ళు, ఏనుగులు. వాటి మీద పిల్లలు. రంగులరాట్నం.

రేవంతా వచ్చి ఆ బొమ్మ చూసిపోయింది. వంటవాళ్ళు వచ్చారు, కాపలావాళ్ళు వచ్చారు. తవిటినాయుడైతే కళ్ళు తుడుచుకున్నాడు. నూకరాజు నా దగ్గరికొచ్చి, "సూసినారా మేడంగారూ? ఆవిడ బుర్రేటి బుర్రండీ! పిరంగెట్టిన కాడ రంగులరాట్నం! మనకి తట్టునా?" అన్నాడు.

మనకి అన్నాడు. నన్ను కూడా తనలో కలుపుకొని మరీ అన్నాడు.

రంగులరాట్నం నాకూ నచ్చింది. అదీ బాధ. చెడ్డగా ఉంటే హాయిగా ఉండేది.

భాద్రపదం, గురువారం

పొద్దున్నే నీళ్ళ వంతుకు నిలబడి, బిందె తెచ్చుకుని, చీర ఆరేసుకుని గీతల గదికి వెళ్ళాను. అలివేణి పై డెక్కుల బొమ్మలు అక్కడ పరచి ఉన్నాయి. పెద్ద డెక్కు మీద అంగళ్ళు, వాటి మీద ఇంకో అంతస్తు, దాని పైన పందిరి. చూడముచ్చటగా ఉంది. నేను లెక్క తీసుకుని కూర్చున్నాను, ఊరికే, తప్పేమైనా దొరుకుతుందేమోనని.

దొరికింది. తప్పు ఆమెది కాదు.

అడుగుదూలం ఓడకు వెన్నెముక. అడుగు పొడవునా ఉంటుంది, పైన ఎంత ఊగినా ఓడను నిటారుగా లేపేది దాని బరువే. అలివేణి లెక్కలో అలుగు అడుగుదూలం గట్టి ఉక్కు. ఎందుకంటే రేవు పటాల్లో అలాగే ఉంది. నిజం అది కాదు.

యుద్ధం మధ్యలో గనులు మునిగిపోయి ఉక్కు కరువైంది. అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. కరిగిన ఉక్కులోకి గాలి ఊది, అలాగే గట్టిపడనిస్తే? పొంగిన దోసెలో చిల్లుల్లాగా లోపలంతా గుల్లగా ఉంటుంది. సగం ఉక్కే పడుతుంది. చిరిగినా నీళ్ళు లోపలికి పారవు. దాన్ని నురగ ఉక్కు అనుకున్నాం. అలుగు అడుగు మొత్తం దాంతోనే పోశాం. టార్పెడో తగిలి అడుగు చీలిపోయినా అలుగు అందరినీ బతికించుకుని ఇంటికొచ్చింది. ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. నా జీవితంలో నాకు వచ్చిన మంచి ఆలోచన అదొక్కటే.

అది శత్రువు చేతిలో పడకూడదని నౌకాదళం వాళ్ళు పటాల్లో గట్టి ఉక్కనే రాయించారు. బతికుండగా ఎవరికీ చెప్పనని నాతో ప్రమాణం చేయించారు. ఆ పని చేసిన కొలిమి బాంబులకు కూలిపోయింది, మిగతావాళ్ళు పోయారు. ఈ రేవులో నాకొక్కదానికే తెలుసు.

అప్పట్లో అడుగు తేలిగ్గా ఉన్నా ఇబ్బంది లేదు, ఫిరంగి గుండ్లూ మందుగుండూ కిందే ఉండేవి. ఇప్పుడవి లేవు. పైన రెండు అంతస్తుల సంత. దాని మీద జనం. యుద్ధనౌకలో ఎవరి చోట వాళ్ళు నిలబడతారు. సంతలో ఎవరు నిలబడతారు? మెట్ట కనపడగానే అందరూ ఒక పక్కకి పరిగెడతారు.

అలుగు తిరగబడుతుంది.

లెక్క మళ్ళీ చేశాను. అదే వచ్చింది. అప్పుడు నేను లేచి అలివేణి దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు. ప్రమాణం ఉంది కదా అనుకున్నాను. ఆ మాట నాలుక కింద బెల్లం ముక్కలా చాలాసేపు కరిగింది.

ఆశ్వయుజం, బుధవారం

ప్రమాణం గురించి ప్రతిరోజూ నాతో నేను వాదించుకుంటున్నాను. ప్రతిరోజూ ప్రమాణమే గెలుస్తోంది. అలివేణి గురించి గోడకి అంటించే వార్తాపటం వచ్చిన రోజయితే చాలా తొందరగా గెలుస్తోంది.

ఇవాళ వచ్చిన పటంలో ఆమె సగం చెక్కిన గుర్రం బొమ్మ పక్కన నిలబడి ఉంది. "ఫిరంగి నోరు మూయించిన చేతులు" అని రాశారు. ఆ చేతుల వెనక, మసగ్గా, చీర కొంగు ఒకటి కనిపిస్తోంది. అది నాది.

నూకరాజు తన ఇంటిది బంగారమ్మకు సంతలో ఎండుచేపల అంగడి వచ్చిందని చెప్పాడు. మొదటి ప్రయాణానికి తల్లిని కూడా ఎక్కిస్తాడట. "మీరు కట్టిన ఓడ, ఆవిడ దిద్దిన ఓడ. ఇంకేటి బయమండీ?" అన్నాడు.

ఆ రెండు ముక్కలూ వేరువేరుగా విన్నాను. మొదటిదానికి పొంగాను, రెండోదానికి కుంగాను. బంగారమ్మ సంగతి నాకు ఇంటికొచ్చాక గానీ తట్టలేదు.

కార్తీకం, ఆదివారం

డాకులోకి నీళ్ళు వదిలారు. అలుగు తేలింది. అలివేణి ఓడ పక్కన ఎర్రరంగుతో ఒక గీత గీసింది, నీళ్ళు అక్కడి దాకా వస్తాయని. నీళ్ళు గీత కిందే ఆగిపోయాయి.

జనం చప్పట్లు కొడుతున్నారు. అలివేణి మాత్రం గట్టు మీద గొంతుక్కూచుని ఆ గీతనే చూసింది. తర్వాత లేచి తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"అనుకున్నదానికంటే పైకి తేలిందే చిత్కళా. ఎందుకంటావు?"

"ఇనుము ఎక్కువ కోసేశారేమో."

"అంతేనంటావా?"

"అంతకంటే ఏముంటుంది?"

"వంపు పరీక్ష చేద్దామనుకున్నా. బరువులు ఈ పక్కకీ ఆ పక్కకీ జరిపి ఎంత వంగుతుందో చూడాలి. కానీ ఈ వాయుగుండం వల్ల డాకులో నీళ్ళు నిలకడగా లేవు. నాయుడు గారేమో తేదీ మార్చనంటున్నారు." నా చెయ్యి పట్టుకుంది. "కట్టినదానివి నువ్వు. పరీక్ష లేకుండా వెళ్ళొచ్చని నువ్వంటే వెళ్తాను. వద్దంటే ఆయనతో పోట్లాడతాను. నువ్వే చెప్పు."

ఈ రేవులో ఎవరూ నన్ను ఏదీ అడగలేదని ఇన్నాళ్ళూ మూలిగాను. ఇప్పుడు అడిగింది. అదీ ఈమె.

"నీ ఇష్టం" అన్నాను.

ఆమె తలూపి వెళ్ళిపోయింది. నా మీద ఉన్న నమ్మకంతోనే వెళ్ళింది. అది నాకు స్పష్టంగా కనిపించింది. ఆ నమ్మకం మీద కూడా నాకు కోపం వచ్చింది.

కార్తీకం, శనివారం

రేపే ప్రయాణం. ఇవాళ గట్టుకి కట్టి ఉన్న ఓడ మీదే రంగులరాట్నం తిప్పి చూపించారు. రేవు కుటుంబాలన్నీ వచ్చాయి. గుర్రాలకి రంగులు ఇంకా పూర్తిగా ఆరలేదు. పిల్లల బట్టలన్నీ పచ్చగా, ఎర్రగా అయ్యాయి.

నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. సముద్రం వైపు నుంచి తెప్పల వరస ఒకటి వచ్చింది, పూలు కట్టుకుని. ఎవరో "అదిగో!" అని అరిచారు. ఓడ మీద ఉన్న జనమంతా ఆ పక్కకి పరిగెత్తారు.

అలుగు వంగింది. ఒక తట్ట జారి గుమ్మడికాయలు దొర్లాయి. అందరూ "ఓ!" అని కేకలేసి నవ్వారు. వంగిన ఓడ వెంటనే లేవాలి. లేవలేదు. ఏదో మరిచిపోయి గుర్తుచేసుకుంటున్నట్టు అలాగే ఆగింది. గట్టు మోకులు బిగుసుకుని కిర్రుమన్నాయి. ఆ తర్వాత నెమ్మదిగా, అయిష్టంగా లేచింది.

జనం ఇంకా నవ్వుతున్నారు. బంగారమ్మ ఒక చేత్తో అత్తగారినీ, ఇంకో చేత్తో ఎండుచేపల బుట్టనీ పట్టుకుని నవ్వుతోంది. నవ్వనివాళ్ళం ఇద్దరమే. ఓడ మీద అలివేణి, గట్టు మీద నేను. ఆమె నా వైపు చూసింది.

మోకులు లేకపోతే? రేపు మోకులు ఉండవు.

నేను ఓడ ఎక్కాను. ఆమెను పందిరి వెనక్కి తీసుకెళ్ళి అంతా చెప్పాను. నురగ ఉక్కు సంగతి, పటాల్లో అబద్ధం సంగతి, లెక్క సంగతి.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"భాద్రపదం నుంచి."

"నేను నిన్ను అడిగాను కదే!"

"ప్రమాణం చేశాను."

"ప్రమాణం!" ఆమె నా భుజం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "నా మొహం చూసి చెప్పు. ప్రమాణం కోసమేనా?"

ఆమె మొహం చూశాను. కాలేజీలో నా చీరలు కట్టుకుని తిరిగిన మనిషి మొహం. "కాదు. నిన్ను చూసి ఓర్వలేక" అన్నాను.

ఆమె రంగు అంటిన చేతుల్ని కొంగుకి తుడుచుకుంది. "బరువు ఎక్కడ పెట్టాలి, ఎంత పెట్టాలి?" అని మాత్రం అడిగింది.

"కింద, మందుగుండు గదుల్లో. ఆ పలకలన్నీ పెడితే సరిపోతుంది."

గట్టున పేర్చిన కవచపు పలకలు. కమ్మరులకు ఇస్తానని ఆమె మాటిచ్చిన పలకలు.

కార్తీకం, ఆదివారం

ప్రయాణం ఆపేశారు. గట్టు నిండా జనం. కమ్మరులు పడవలతో వచ్చి పలకల దగ్గరే నిలబడ్డారు. అలివేణి బల్ల ఎక్కింది.

"తప్పు నాది" అంది. "నా లెక్క తప్పింది. ఓడ అడుగు తేలికైంది. ఇలాగే బయల్దేరితే మునిగేవాళ్ళం. నాగళ్ళకని ఇచ్చిన పలకల్ని మళ్ళీ అడుక్కోవడానికి వచ్చాను. మాట తప్పినందుకు నన్ను తిట్టండి, పలకలు మాత్రం ఇవ్వండి."

నా పేరు ఎత్తలేదు. నా ప్రమాణం నిలబెట్టడానికి తన పేరు పోగొట్టుకుంటోంది.

పేరు పోయిందా? ఎక్కడా! ముసలి కమ్మరి ఒకాయన ముందుకొచ్చి, "తప్పు ఒప్పుకునే పెద్దోళ్ళని ఇన్నాళ్ళకి సూసినాం తల్లీ. తీసుకో" అన్నాడు. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఎవరో "తెప్పల అలివేణికీ!" అని అరిస్తే గట్టంతా "జై!" అంది.

నేను చేసిన తప్పుకి కూడా ఆమెకే జై.

అక్కడ నాలో ఏదో తెగింది. అది మంచితనం అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నా తప్పు నాక్కావాలి. నా దూలం నాక్కావాలి. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి బల్ల ఎక్కాను.

"ఆమె లెక్క తప్పలేదు" అన్నాను. "ఆ ఓడ అడుగు గట్టి ఉక్కు కాదు. గాలి ఊదిన ఉక్కు. అది కనిపెట్టింది నేను. టార్పెడో తగిలినా అలుగు మునగకపోవడానికి కారణం అదే. ఇప్పుడు తిరగబడబోవడానికి కారణం కూడా అదే. నాకు తెలిసీ చెప్పలేదు."

తవిటినాయుడు మొహం పాలిపోయింది. "అమ్మా, యుద్ధం సంగతులన్నీ రహస్యం! మీరు సంతకం పెట్టారు!" అని గొణిగాడు.

నూకరాజు ముందు వరసలోనే ఉన్నాడు. "ఎప్పట్నుంచి తెలుసండి మీకు?"

"డాకులో ఉన్నప్పట్నుంచి."

"మా ఇంటిది ఎక్కాలండి ఇవాళ. మాయమ్మ ఎక్కాలండి."

"తెలుసు నూకరాజూ."

అతను ఇంకేమైనా అంటాడని చూశాను. అతను భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయాడు. యుద్ధంలో బాంబులు పడుతున్నప్పుడు కూడా నూకరాజు నాకు వీపు చూపించలేదు.

అలివేణి నా పక్కనే నిలబడి ఉంది. నన్ను ముట్టుకోలేదు, తిట్టలేదు. నేను బల్ల దిగాను.

మార్గశిరం, గురువారం

ప్రమాణం తప్పినందుకు నన్ను రేవులో అడుగుపెట్టొద్దన్నారు. గాలిమెట్టకు పంపారు. మెట్ట దాటాలంటే అనుమతి కావాలి. ఇక్కడ ఒక గుడిసె, నాలుగు పాదుల బీరతీగ, చుట్టూ సముద్రం. కింద నీళ్ళలో పాత ఊరి వీధి దీపాల స్తంభాలు కనిపిస్తాయి.

రేవు దినచర్య నాకిక అక్కర్లేదు. అలవాటు పోక రాస్తున్నాను.

ఇక్కడ నా పక్క గుడిసెలో అప్పలకొండమ్మ అని చేపలావిడ ఉంటుంది. నేనెవరో విని, "ఓడ ముంచబోయినావిడవి నువ్వేనా?" అంది. అవునన్నాను. "తిన్నావా?" అంది. లేదన్నాను. చేపల పులుసు పోసింది.

పుష్యం, సోమవారం

సంత ఓడ మొదటిసారి గాలిమెట్టకు వచ్చింది. నేను ఎక్కడానికి వీల్లేదు. గట్టు మీంచే చూశాను.

మెట్ట జనాన్ని చూసి ఓడ మీది జనమంతా ఈ పక్కకి పరిగెత్తారు. అలుగు వంగింది. వెంటనే లేచింది. పలకలు కింద పని చేస్తున్నాయి. అలా లేచినప్పుడు నా ఒళ్ళు పులకరించింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పినా వినేవాళ్ళు లేరు. అందరూ రంగులరాట్నం వైపు చూస్తున్నారు.

అప్పలకొండమ్మ రాట్నం ఎక్కి దిగి వచ్చి, కళ్ళు తిరుగుతుంటే నన్ను పట్టుకుని, "ఎంత మెత్తగా తిరిగిందే! ఆ అలివేణమ్మ చల్లగుండాల" అంది.

"చక్రం నాది" అన్నాను.

"గుర్రాలో?"

"గుర్రాలు ఆమెవి."

"గుర్రాలు బాగున్నాయి" అంది.

మాఘం, శుక్రవారం

ఇవాళ మిట్టమధ్యాహ్నం అప్పలకొండమ్మ కూతురు సన్యాసమ్మకు నొప్పులు వచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరున్న ఓడ మెట్ట వరకూ వచ్చింది గానీ, దాని అంచు నీళ్ళకి మనిషి ఎత్తు పైన ఉంది. తెప్ప మీద ఉన్న సన్యాసమ్మను తాళ్ళతో పైకి లాగాలి. అలల మీద తెప్ప లేస్తోంది, పడుతోంది. మూడుసార్లు అందినట్టే అంది జారిపోయింది. నేను తెప్ప మీద ఆ పిల్ల తల పట్టుకుని కూర్చున్నాను. నా చెయ్యి కొరికేసింది. చివరికి ఒక పెద్ద అల మమ్మల్ని ఎత్తి పడేస్తే, ఆ ఊపులో పైవాళ్ళు అందుకున్నారు.

బిడ్డ బతికింది. సన్యాసమ్మ కూడా బతికింది. మేం అదృష్టవంతులం, అంతే.

చెయ్యి మీద పంటి గాటు చూసుకుంటూ ఇంటికి నడిచాను. సగం దారిలో ఆగిపోయాను.

అలుగు చెల్లెలు ఓడ ఒకటుంది, ముంగిస. యుద్ధం ఆగేసరికి సగం కట్టిన ఓడ. రేవులో తుప్పు పడుతోంది. శత్రువు కంట పడకుండా నీళ్ళలోకి కుంగి దాక్కునేలా దాన్ని గీశాను. అడుగు నురగ ఉక్కు, అందుకే కుంగినా మునగదు. వెనక భాగాన్ని నీళ్ళతో నింపితే అంచు అలల మట్టానికి దిగుతుంది. నీళ్ళు తోడేస్తే మళ్ళీ లేస్తుంది.

దాక్కోవడానికి కాకుండా, తెప్పను లోపలికి తీసుకోవడానికి కుంగితే?

వెనక రెండు తలుపులు. తెప్ప తిన్నగా లోపలికి తేలుతూ వచ్చేస్తుంది. తలుపులు మూసి నీళ్ళు తోడితే, నొప్పులు పడుతున్న మనిషిని కదపకుండానే డాక్టరు దగ్గర ఉంచొచ్చు. తాళ్ళుండవు, ఎత్తడాలుండవు. పురిటి ఓడ.

కాగితం లేకపోతే అప్పలకొండమ్మ చేపలు చుట్టే కాగితాల మీదే గీశాను. పొద్దు వాలేదాకా తల ఎత్తలేదు. బీరతీగకు నీళ్ళు పోయడం కూడా మరిచిపోయాను.

ఫాల్గుణం, ఆదివారం

సంత ఓడ మళ్ళీ వచ్చింది. అందరూ దిగిపోయాక చివర్న అలివేణి దిగింది. తిన్నగా నా గుడిసెకి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. ఈసారి వాటేసుకోలేదు.

"చిక్కావు" అంది.

"కూర్చో" అన్నాను.

కూర్చుంది. నీళ్ళు తాగింది. "నీ మీద ఎంత కోపముందో చెప్పడానికి చాలాసార్లు బయల్దేరి ఆగిపోయాను. ఇప్పుడు కూడా ఉంది. ఎప్పటికైనా పోతుందో లేదో తెలియదు. బంగారమ్మ నీ పేరు ఎత్తనివ్వదు. నూకరాజు ఎత్తడు."

"తెలుసు."

"నేను వచ్చింది అందుకు కాదు. ముంగిసను మార్చమన్నారు నన్ను. ఏం చేయాలో తోచడం లేదు. ధాన్యం ఓడ చేద్దామనుకున్నా, ఇరుకు. బడి చేద్దామనుకున్నా, కిటికీలు పెడితే పక్కలు బలహీనమవుతాయి. దాని అడుగేమిటో ఈసారి ముందే అడుగుతున్నాను. నీ మీద కట్టుబాటు ఎత్తేస్తేనే పని మొదలుపెడతానని రేవులో చెప్పాను. నాయుడు గారు ఒప్పుకున్నారు."

నాకు చేపల వాసన వేసే ఆ కాగితాలు గుర్తొచ్చాయి. లోపలికెళ్ళి తెచ్చి ఆమె ముందు పరిచాను. మాట్లాడలేదు. మాట్లాడితే గొంతులో గర్వం వినపడుతుందని భయం.

ఆమె చూసింది. మొదట మామూలుగా చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుంది. వేలితో వెనక తలుపుల గీత వెంట వెళ్ళింది, నీళ్ళ గదుల దగ్గర ఆగింది, తోడే గొట్టాల దగ్గర ఆగింది, మళ్ళీ మొదటికి వచ్చింది. బయట రాట్నం దగ్గర పిల్లల కేకలు వినిపిస్తున్నాయి. ఆమె వాటి వైపు తిరగలేదు.

"తెప్పతో సహా లోపలికి" అంది నెమ్మదిగా.

"ఊఁ."

"తెప్పలు కట్టినదాన్ని నేను. ఎన్ని వేలమందిని తెప్పల మీంచి ఓడల్లోకి తాళ్ళతో లాగించాను. ఎంతమంది జారిపోవడం చూశాను." కాగితం మీంచి తల ఎత్తలేదు. "ఇది నాకు తట్టాల్సింది."

"నాకు తట్టింది" అన్నాను.

అప్పుడు తల ఎత్తింది. నవ్వడానికి ప్రయత్నించింది. ఆ నవ్వు పూర్తిగా రాలేదు. కింది పెదవి కాస్త బిగుసుకుంది, ముక్కుపుటాలు అదిరాయి, కళ్ళు ఒక్క క్షణం నా మీంచి పక్కకి తప్పుకున్నాయి. ఇంతకాలం ఆ రేవులో, ఆ గీతల గదిలో, ప్రతి వార్తాపటం ముందూ నా మొహం ఎలా ఉండేదో నేనెప్పుడూ చూసుకోలేదు. ఇప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తున్నాను.

"పని నువ్వే నడిపించు" అంది కాసేపటికి. "నేను సలహాదారుగా ఉంటాను."

"ఉండు" అన్నాను. "రోజూ అడుగుతాను."

ఆమె కోసం పొయ్యి వెలిగించి, బీరకాయ తరగడానికి కూర్చున్నాను. ఆమె ఆ కాగితాన్ని ఇంకా వదల్లేదు.